బడ్జీలకు గింజలా, పెల్లెట్లా, మొలకలా? తిండి, కాలక్షేపం కలిపి ఎంచుకోవడం ఎలా?

చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్‌లోనైనా, మీ వీధి చివరి పెట్ షాపులోనైనా లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే ఆకుపచ్చ, నీలం, పసుపు రంగుల చిన్న చిలుకలు చాలావరకు బడ్జీలే. జత కొనగానే ఓ పంజరం, ఓ కిలో గింజలు, గుడ్లు పెట్టుకోవడానికి ఓ చిన్న మట్టికుండ చేతిలో పెట్టి పంపిస్తారు. ఇంటికొచ్చాక సందేహాలు మొదలవుతాయి. ఈ గింజలు ఒక్కటే సరిపోతాయా? ఆన్‌లైన్‌లో అందరూ చెప్పే పెల్లెట్లు, అంటే గుళికల మేత, తెప్పించాలా? కొత్తిమీర పెట్టొచ్చా? బొమ్మలు కొనాలా, అద్దం వేలాడదీయాలా, ఇంకో పక్షిని తేవాలా?

ఇక్కడ చెప్పేదంతా బడ్జీల గురించే. రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బడ్జీ సొంత దేశం ఆస్ట్రేలియా కాబట్టి దానికి ఆ అడ్డు లేదు.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

ఆస్ట్రేలియా లోపలి ఎండు మైదానాల్లో బడ్జీలు గుంపులుగా తిరుగుతూ గడ్డి గింజలు ఏరుకుని తింటాయి. నీళ్లు, గింజలు ఎక్కడ దొరికితే అక్కడికి వలస పోతాయి. వాటి రోజులో పెద్ద భాగం తిండి వెతుక్కోవడానికే పోతుంది. మనం గిన్నె నిండా గింజలు పోసి ముక్కు ముందు పెట్టేసరికి ఆ పనంతా కాసేపట్లో ముగిసిపోతుంది. మిగిలిన పొద్దంతా ఏం చేయాలో తోచక కొన్ని ఆగకుండా అరుస్తాయి, కొన్ని ఈకలు పీక్కుంటాయి, చాలా పక్షులు ఊరికే తింటూ కూర్చుని లావెక్కుతాయి.

అందుకే బడ్జీకి తిండి, కాలక్షేపం వేర్వేరు విషయాలని నేను అనుకోను. ఏ మేత ఎంచుకున్నా అందులో పోషకాలు ఎంత ఉన్నాయో చూసినంత శ్రద్ధగా, అది పక్షికి ఎంతసేపు పని కల్పిస్తుందో కూడా చూడాలి. ఆ తర్వాత మన ఎండలకు అది ఎన్ని గంటలు పాడవకుండా ఉంటుంది, మీ ఊళ్లో ఎప్పుడూ దొరుకుతుందా, ఉదయం పూట మీ ఇంట్లో దానికి పది నిమిషాలు కేటాయించే మనిషి ఉన్నారా అన్నవి చూసుకోవాలి. ఆఖరిది చాలామంది లెక్కలోకి తీసుకోరు గానీ సగం ఎంపికలు తేలేది అక్కడే.

## గింజల మిశ్రమం

అందరూ మొదలుపెట్టేది దీంతోనే. మంచి మిశ్రమంలో కొర్రలు, వరిగలు, సజ్జలు, కొద్దిగా ఓట్స్, దొరికితే కెనరీ సీడ్ అనే సన్న గడ్డి గింజలు ఉంటాయి. చిరుధాన్యాలన్నీ గడ్డి జాతి గింజలే కాబట్టి బడ్జీ ముక్కుకీ, అలవాటుకీ సరిగ్గా సరిపోతాయి. ఒక్కో గింజనీ పట్టుకుని, తిప్పి, పొట్టు ఒలిచి తినడం దానికి ఇష్టమైన పని. ఈ ఒక్క విషయంలో గింజలను పెల్లెట్లు ఎప్పటికీ అందుకోలేవు.

పోషణ దగ్గరే చిక్కు. గింజలు మాత్రమే తినే పక్షికి విటమిన్ ఎ, కాల్షియం, అయోడిన్ చాలవు. విటమిన్ ఎ తగ్గితే ముక్కు, శ్వాస సంబంధమైన ఇన్‌ఫెక్షన్లు తేలిగ్గా పట్టుకుంటాయి. అయోడిన్ తగ్గితే మెడలోని థైరాయిడ్ గ్రంథి వాచి ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. ఇది బడ్జీల్లో ఏనాటి నుంచో తెలిసిన జబ్బు. వీటికి తోడు పొద్దుతిరుగుడు గింజలు కలిపిన మిశ్రమమైతే కొవ్వు మరీ ఎక్కువ. 30 నుంచి 40 గ్రాములు తూగే పక్షికి ఆ నూనె గింజలు రోజూ అక్కర్లేదు. కాలేయానికి కొవ్వు పట్టడం, చర్మం కింద కొవ్వు గడ్డలు రావడం ఇలాంటి మేత వల్లే ఎక్కువ. పొద్దుతిరుగుడు గింజలు కనిపిస్తే ఆ ప్యాకెట్ పక్కన పెట్టేయండి. పక్షిని చేతికి అలవాటు చేసేటప్పుడు బహుమతిగా ఒకటీ అరా ఇవ్వడానికి మాత్రమే అవి పనికొస్తాయి.

కొనేటప్పుడు మూడు జాగ్రత్తలు. కిరాణా కొట్లో మనం వండుకోవడానికి అమ్మే కొర్రబియ్యం పొట్టు తీసినవి. పక్షికి పొట్టుతో ఉన్న కొర్రలు కావాలి. అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఇండియన్ స్టోర్‌లో కొనేవాళ్లు ఈ తేడా మరింత గమనించాలి, అక్కడ దాదాపు అన్నీ పొట్టు తీసినవే. తర్వాత, ఎరువుల దుకాణంలో విత్తనం కోసం అమ్మే రంగు పూసిన గింజలు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, వాటికి మందు పట్టించి ఉంటుంది. చివరిగా, కొత్త ప్యాకెట్ తెచ్చినప్పుడు ఓ చెంచా గింజలు తడిగుడ్డలో వేసి చూడండి. చాలావరకు మొలకెత్తితే తాజావి. మొలకెత్తకపోతే పాతబడినవని అర్థం.

ఒక పక్షికి రోజుకు ఒకటిన్నర నుంచి రెండు టీస్పూన్ల గింజలు చాలు. తిన్న పొట్టు గిన్నెలోనే పైన పేరుకుంటుంది. గిన్నె నిండుగా ఉందనుకుని వదిలేస్తే కింద గింజ ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. ఊరెళ్తూ పక్కింటివాళ్లకు అప్పజెప్పినప్పుడు పక్షులు పస్తులుండేది ఇలాగే. రోజూ పొట్టు ఊది చూడమని వాళ్లకు మరీ మరీ చెప్పాలి.

## పెల్లెట్లు

ధాన్యాలు, విటమిన్లు, ఖనిజాలు కలిపి పొడి చేసి చిన్న గుళికలుగా చేసినవి పెల్లెట్లు. ప్రతి గుళికలో అన్నీ సమానంగా ఉంటాయి కాబట్టి పక్షి నచ్చింది ఏరుకుని మిగతాది వదిలేయడం కుదరదు. అయోడిన్, విటమిన్ ఎ లోటు తీరుతుంది. ఎండాకాలంలోనూ పొద్దున పోసినవి సాయంత్రం దాకా పాడవవు. ఉదయం ఏడింటికి ఇల్లు వదిలి రాత్రి వచ్చే ఉద్యోగస్తులకు ఇది పెద్ద ఊరట.

ఖరీదే మొదటి ఇబ్బంది. మన దగ్గర దొరికే మంచి రకాలు చాలావరకు దిగుమతివి. గింజలతో పోలిస్తే ధర ఎన్నో రెట్లు, చిన్న ఊళ్లలో ఆన్‌లైనే దిక్కు. గింజలకు అలవాటైన బడ్జీ దాన్ని అసలు తిండి అనే గుర్తించకపోవడం రెండో ఇబ్బంది. కొన్ని పక్షులు ఆకలితో మాడతాయి తప్ప ముట్టుకోవు. ఇక కాలక్షేపం సంగతికొస్తే ఒలిచే పని లేదు, ఏరే పని లేదు, కొరికి మింగడమే. పెల్లెట్లు ఒక్కటే పెట్టే ఇంట్లో వేరే ఆటలు రెట్టింపు ఉండాలి. కొనేటప్పుడు బడ్జీ సైజుకు తగ్గ చిన్నవి, రంగులు, చక్కెర కలపనివి చూసుకోండి. పాకెట్ తెరిచాక గాలి చొరని డబ్బాలో, చల్లటి చోట పెట్టాలి.

## మొలకలు, ఆకుకూరలు

మన పెరట్లో, మన కూరల బజారులో ఇంత తేలిగ్గా దొరికే మందు ఇంకోటి లేదు. తోటకూర, మునగాకు, కొత్తిమీర, మెంతికూర, తురిమిన క్యారెట్, ఎర్ర క్యాప్సికం, గుమ్మడి ముక్క, లేత మొక్కజొన్న పొత్తు, అన్నీ పెట్టొచ్చు. విటమిన్ ఎ కోసం మునగాకు, క్యారెట్ ముందు వరసలో ఉంటాయి. పచ్చిమిర్చి కూడా నిరభ్యంతరంగా పెట్టొచ్చు, పక్షులకు కారం తెలియదు. పాలకూర అప్పుడప్పుడు మాత్రమే, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు.

మొలకలకు కొర్రలు, సజ్జలు, పెసలు బాగుంటాయి. రాత్రి నానబెట్టి, పొద్దున వడకట్టి, తెల్లటి మొన కనిపించగానే కడిగి పెట్టాలి. ఎండు గింజ కంటే మొలకలో విటమిన్లు ఎక్కువ. గింజలు తప్ప వేరేది ముట్టని మొండి పక్షులు కూడా మొలకల్ని త్వరగా ఒప్పుకుంటాయి, ఎందుకంటే అవి గింజల్లాగే కనిపిస్తాయి.

పని కల్పించడంలో ఆకుకూరలు గింజలకు తీసిపోవు. కొత్తిమీర కట్టను తడిపి పంజరం పైనుంచి తలకిందులుగా వేలాడదీసి చూడండి. పక్షులు దానికి వేలాడతాయి, చింపుతాయి, తింటాయి, తడి ఆకుల్లో దొర్లి స్నానం కూడా చేస్తాయి. పది రూపాయల కట్ట ఏ ప్లాస్టిక్ బొమ్మా ఇవ్వనంత ఆట ఇస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో మాత్రం జాగ్రత్త. నానిన మొలకలు రెండు గంటలు దాటితే పులుస్తాయి. అందుకే ఉదయం పెట్టి, ఎండ ముదరకముందే తీసేసే మనిషి ఇంట్లో ఉంటేనే మొలకలు. లేదంటే సాయంత్రం మీరు వచ్చాక ఆకుకూర ఒక్కటే పెట్టండి. బజారు కూరలకు పురుగుమందులు ఉంటాయి కాబట్టి నీళ్లలో కాసేపు నానబెట్టి, రెండు మూడుసార్లు కడగాలి. ఇవి మాత్రమే పెట్టి పక్షిని పెంచలేం, నీరే ఎక్కువ. రోజూ ఉండాల్సిన తోడు మేత ఇది.

| ఎంపిక | పోషణ | పక్షికి పని | ఎండాకాలంలో | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| గింజలు మాత్రమే | విటమిన్ ఎ, కాల్షియం, అయోడిన్ తక్కువ | ఎక్కువ | పాడవవు | కొత్తగా తెచ్చిన మొదటి వారాలకు మాత్రమే |
| పెల్లెట్లు మాత్రమే | సమంగా ఉంటుంది | చాలా తక్కువ | పాడవవు | వెట్ (పశువుల డాక్టర్) చెబితే, వేరే ఆటలు బాగా ఉంటే |
| గింజలు, రోజూ ఆకుకూర | ఫర్వాలేదు, అయోడిన్ చూసుకోవాలి | చాలా ఎక్కువ | ఆకుకూర త్వరగా తీసేయాలి | ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్లకు |
| గింజలు, పెల్లెట్లు, ఆకుకూర కలిపి | బాగుంటుంది | ఎక్కువ | కొంచెం శ్రద్ధ చాలు | చాలా ఇళ్లకు |

నేను ఎవరికి చెప్పినా చివరి వరుసే చెబుతాను. సుమారుగా సగం గింజలు, పావు వంతు పెల్లెట్లు, పావు వంతు ఆకుకూరలు, మొలకలు. పెల్లెట్లు దొరకని ఊళ్లో ఉంటే మూడో వరుసతో నడిపించండి, అయోడిన్ ఉన్న మినరల్ బ్లాక్ (పక్షి కొరుక్కునే ఖనిజాల దిమ్మ) ఒకటి పంజరానికి తగిలించండి.

కాల్షియం కోసం సముద్రపు నురుగు ముక్క అన్ని ఎంపికల్లోనూ ఉండాలి. కటిల్ ఫిష్ బోన్ అని పెట్ షాపుల్లో అమ్ముతారు. విశాఖ, కాకినాడ తీరాల్లో ఏరుకున్నదైతే ఉప్పు పోయేదాకా కొన్నాళ్లు నీళ్లు మారుస్తూ నానబెట్టి, ఎండబెట్టి వాడాలి. గింజలు అరగడానికి ఇసుక, గ్రిట్ (సన్న రాతి పలుకులు) పెట్టమని కొందరంటారు. బడ్జీ పొట్టు ఒలిచే తింటుంది కాబట్టి ఆ అవసరం లేదు, ఎక్కువ మింగితే కడుపులో అడ్డుపడుతుంది. నీళ్లలో కలిపే విటమిన్ చుక్కలకు కూడా డబ్బు తగలేయొద్దు. రుచి మారితే పక్షి నీళ్లు తాగడం తగ్గిస్తుంది, ఆ నీళ్లలో బ్యాక్టీరియా త్వరగా పెరుగుతుంది.

## కాలక్షేపంలో ఏది ముందు

ఖర్చు పెట్టగలిగింది కొంచెమే అయితే ఏ వరుసలో పెట్టాలి? నా వరుస ఇది: ఎగరడానికి చోటు, తోడు, వెతుక్కునే తిండి, కొరికే వస్తువులు. అద్దం ఈ జాబితాలోనే లేదు.

ఎగరడం. పంజరం ఎత్తు కంటే పొడవు ముఖ్యం, బడ్జీ అడ్డంగా ఎగురుతుంది. జతకు కనీసం 30 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉండాలి. ఊచల మధ్య అరంగుళం మించకూడదు, తల ఇరుక్కుంటుంది. గుండ్రటి పంజరాలు చూడటానికే బాగుంటాయి. రోజూ ఓ గంట గదిలో వదలగలిగితే అంతకు మించిన వ్యాయామం లేదు. వదిలేముందు సీలింగ్ ఫ్యాన్ ఆపాలి, కిటికీలు మూయాలి, వంటగది తలుపు వేయాలి. ఫ్యాన్ ఆపితే ఉండలేని మే నెల మధ్యాహ్నం కాకుండా తెల్లవారగానే వదలడం మేలు. రెక్కలు కత్తిరిస్తే ఈ టెన్షన్ ఉండదు కదా అని అడుగుతుంటారు. ఎగరడం దానికి నడకలాంటిది. ఆ ఒక్కటీ తీసేసి ఎన్ని బొమ్మలు పెట్టినా ప్రయోజనం లేదు.

తోడు. గుంపులో బతికే పక్షి ఇది. మీరు రోజంతా బయటే ఉంటే జత తప్పనిసరి. ఇంట్లో పెద్దవాళ్లుండి, పొద్దస్తమానం దాంతో మాట్లాడుతుంటే ఒంటరి బడ్జీ కూడా హుషారుగానే ఉంటుంది, మగదైతే మాటలు కూడా తొందరగా నేర్చుకుంటుంది. మగా ఆడా తేవాలని లేదు. రెండు మగవి బాగా కలిసిపోతాయి, రెండు ఆడవి మాత్రం పోట్లాడుకోవచ్చు. ముక్కు పైన మెత్తటి చర్మం చూసి పోల్చుకోవచ్చు: ఎదిగిన మగవాటికి నీలం, ఆడవాటికి గోధుమ రంగు లేదా తెల్లటి నీలం. పూర్తి పసుపు, పూర్తి తెలుపు పక్షుల్లో మగవాటికి గులాబీ రంగే ఉండిపోతుంది.

ఇక షాపువాళ్లు ఇచ్చిన ఆ మట్టికుండ సంగతి. పిల్లల్ని తీయించాలన్న ఆలోచన, తయారీ లేకపోతే దాన్ని ఈ రోజే తీసేయండి. అందరూ అది పక్షి నిద్రపోవడానికి అనుకుంటారు. బడ్జీ కొమ్మ మీదే నిద్రపోతుంది. కుండ కనబడినంత కాలం ఆడ పక్షి విడతల మీద విడతలుగా గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఒంట్లో కాల్షియం అయిపోయి, గుడ్డు లోపలే ఇరుక్కుని చనిపోయే పక్షులెన్నో. ఎముకలు మెత్తబడి నిలబడలేనివి కూడా ఉంటాయి. పోషణ గురించి ఎంత చదివినా కుండ అలాగే ఉంటే ఆ చదువు వృథా అవుతుంది.

వెతుక్కునే తిండి. రోజువారీ గింజల్లో కొంత భాగాన్ని గిన్నెలో పోయకుండా దాచిపెట్టండి. కాగితం కప్పులో, కొబ్బరి చిప్పలో, మడతపెట్టిన తెల్ల కాగితంలో, పళ్లెంలో పరిచిన ఎండు ఆకుల కింద పెట్టొచ్చు. మొదటి రోజు కనపడేలా, తర్వాత కొంచెం కొంచెం లోపలికి. కొర్ర కంకి అన్నిటికంటే మేలు, గింజతో పాటు ఒలుచుకునే పని కూడా దొరుకుతుంది. నంద్యాల వైపు కొర్ర వేసే రైతులు తెలిసినవాళ్లుంటే కోత సమయంలో కొన్ని కంకులు అడిగి తెచ్చుకోండి. పల్లెల్లో పిచ్చుకల కోసం ఇంటి చూరుకు కట్టే వరి కుచ్చులు కూడా బడ్జీలకు బాగా నచ్చుతాయి. మందు కొట్టని చేనువైతే చాలు. కంకులు వారానికి రెండు మూడుసార్లు మించొద్దు, అలవాటైతే వేరేది తినవు.

కొరికేవి, కూర్చునేవి. పంజరంతో వచ్చే ప్లాస్టిక్ కర్రలన్నీ ఒకే లావు. రోజంతా వాటి మీదే నిలబడితే అరికాళ్లకు పుండ్లు పడతాయి. వాటి బదులు జామ, వేప, మునగ కొమ్మలు రకరకాల లావుల్లో పెట్టండి. బెరడు ఒలవడమే పెద్ద ఆట. గన్నేరు కొమ్మ మాత్రం పొరపాటున కూడా వద్దు, ఆకు నుంచి కాండం దాకా విషమే. బొమ్మలు రెండు మూడు చాలు, వారానికోసారి మార్చితే కొత్తవైపోతాయి.

అద్దం. ఒంటరి పక్షికి తోడని పెడతారు. అది అద్దంలోని పక్షితో జత కట్టాననుకుని తిన్నది కక్కి దానికి తినిపించబోతుంది, మీ దగ్గరకు రావడం మానేస్తుంది. తోడు కావాలనిపిస్తే నిజమైన తోడునే తెండి.

## మీ ఇల్లు ఎలాంటిది

అపార్ట్‌మెంట్‌లో ఇద్దరూ ఉద్యోగస్తులైతే: జత పక్షులు, పగలు గింజలు, పెల్లెట్లు, సాయంత్రం ఆకుకూర, వెళ్లేముందు దాచిపెట్టిన గింజలు. మీరు రాత్రి పదకొండు దాకా టీవీ చూసే హాల్లో పంజరం పెట్టొద్దు, బడ్జీకి 10 నుంచి 12 గంటల చీకటి, నిశ్శబ్దం కావాలి.

తాతయ్యలు, అమ్మమ్మలు, పిల్లలు ఉన్న ఇల్లయితే: మొలకలు, ఆకుకూరలు ధైర్యంగా పెట్టుకోవచ్చు. చేయాల్సిందల్లా పెట్టకూడనివి పెట్టకుండా చూడటం. ప్రేమ కొద్దీ అన్నం, బిస్కెట్, మిక్స్చర్, చాక్లెట్ పెడతారు. ఉప్పు, చక్కెర, నూనె బడ్జీకి పడవు. చాక్లెట్, కాఫీ, టీ, అవకాడో విషం. ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దు. పూజ గది ఉన్న ఇంట్లో సాంబ్రాణి, అగరొత్తుల పొగకు పంజరం దూరంగా ఉండాలి. దోమల కాయిల్ అసలే వద్దు, పంజరానికి దోమతెర కప్పండి. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే ఆవిరి నిమిషాల్లో పక్షి ప్రాణం తీస్తుంది.

డాబా మీద, వసారాలో పెంచేవాళ్లయితే: నీడే ముందు. అడవిలో బడ్జీ వేడికి నీడ వెతుక్కుని పోగలదు, పంజరంలో కుదరదు. నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకుంటే వెంటనే చల్లటి గదికి మార్చాలి. వేసవిలో నీళ్లు రోజుకు కనీసం రెండుసార్లు మార్చండి.

## మేత మార్చేటప్పుడు

ఏది ఎంచుకున్నా ఒక్కసారిగా మార్చొద్దు. మొదటి వారం గింజల్లో పిడికెడంత పెల్లెట్లు కాదు, చిటికెడు పెల్లెట్ల పొడి కలపండి. తడిపిన మొలకలకు ఆ పొడి అంటించి పెడితే త్వరగా రుచి మరుగుతుంది. వారాల తరబడి నెమ్మదిగా పాళ్లు పెంచండి. బడ్జీలు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకుంటాయి, అంచేత జతలో ఒకటి తింటే రెండోది కూడా దిగుతుంది. పక్షి ఎదురుగా మీరు క్యారెట్ తురుము తింటున్నట్టు నటించినా పని చేస్తుంది.

మార్పు జరిగే రోజుల్లో వంటగది డిజిటల్ త్రాసు మీద రోజూ ఉదయం తూచండి. పదో వంతు బరువు తగ్గితే, అంటే 35 గ్రాముల పక్షి 31, 32కు వస్తే, ఆపి పాత మేతకు వెళ్లి వెట్‌ను కలవాలి. రెట్టలు కూడా చూడండి. ఆకుకూర తిన్న రోజు పలచగా, పెల్లెట్లు తిన్న రోజు గోధుమ రంగులో ఉండటం మామూలే. రెట్టల సంఖ్య బాగా తగ్గి, చిన్నగా నల్లటి ఆకుపచ్చగా ఉంటే పక్షి తిండి తినట్లేదు. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చోవడం, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగడం కనిపిస్తే మర్నాటి దాకా ఆగొద్దు, బడ్జీలు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. మామూలు పశువుల డాక్టర్లందరూ పక్షుల్ని చూడరు. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలో పశువైద్య కళాశాలలున్నాయి. దగ్గర్లో ఉంటే పక్షుల్ని చూసే డాక్టర్ ఎవరో, ఏ వేళల్లో ఉంటారో పక్షి బాగున్నప్పుడే కనుక్కుని నంబరు ఫోన్‌లో వేసుకోండి.